నక్షత్రం కథలో ఆఖరి పేజీ

ఆ రోజుల్లో నవంబర్ సగానికి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలయ్యేవి. "వందనాలు సిస్టర్. మీ నక్షత్రం కథ కాపీ మా దగ్గరున్నదాంట్లో అక్షరాలు కనపడట్లేదండీ. ఇంకోటి పోస్టు చేస్తారా?" అని జాన్సన్‌విల్ నుంచి ఒకావిడ. "ఆంటీ, దాన్ని మా సండే స్కూల్ పిల్లల చేత డ్రామాలాగా వేయించుకోవచ్చా?" అని క్రైస్ట్‌చర్చ్ నుంచి ఒకమ్మాయి. వేయించుకో తల్లీ, అనేదాన్ని. అప్పటికే వాళ్ళు అందులోకి ఒక గొర్రెపిల్లని కూడా తోలారని తరవాత తెలిసింది. న్యూజిలాండ్‌లో గొర్రె లేకుండా కథ రాసిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

మొత్తం ఎనిమిది పేజీలు. చేత్తో రాసినవి. అప్పట్లో మాలో ఎవరి కంప్యూటర్లోనూ తెలుగు సరిగా వచ్చేది కాదు. అందుకని కాపీకి కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ తీసుకుంటూ, ఏటా కొంచెం కొంచెం వెలిసిపోతూ ఆ కథ ఊళ్ళు తిరిగింది. "మన తెలుగోళ్ళకి ఈ దేశంలో ఇదొక క్లాసిక్ అమ్మా" అని మా సంఘం పెద్ద అంకుల్ ప్రతి క్రిస్మస్ కూడికలోనూ మైకులో చెప్పేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. నేను తల వంచుకుని కూర్చునేదాన్ని. వినయం అనుకునేవారు. వినయం కాదు, భయం.

ఎందుకంటే ఆ కథలో ఆఖరి పేజీ అబద్ధం. మొదటి ఏడు పేజీలూ మా ఇంట్లో జరిగినవే. ఎనిమిదోది జరగలేదు. అది నాకు తెలుసు. తెలియవలసిన మనిషి ఇంకొకరు ఉన్నారు, మా అమ్మాయి. జరిగినప్పుడు దానికి ఆరేళ్ళు. దానికి గుర్తుందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాలుగేళ్ళపాటు రాలేదు.

మేము పామర్‌స్టన్ నార్త్‌లో దిగింది ఒక జూలై చలిలో. మా ఆయనకి అక్కడి యూనివర్సిటీలో గడ్డి మీద పరిశోధన. పశువులు మేసే గడ్డే. "మా అబ్బాయి సైన్సులో పెద్ద చదువు చదువుతున్నాడు" అని చెప్పుకునేది మా అత్తగారు. గడ్డి మాట మాత్రం ఎత్తేది కాదు. నేను గుంటూరులో ఎనిమిదేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. ఇక్కడ నా కాగితాలు ఒప్పుకునేదాకా ఒక రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరాను. ముసలివాళ్ళని లేపడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం, మళ్ళీ పడుకోబెట్టడం. పనిని తప్పుపట్టను. పొద్దున ఏడింటికి ఎక్కితే మూడింటికి దిగాలి. కానీ రోజూ ఎవరో ఒకరు రారు. "ఇంకో నాలుగు గంటలు ఉండగలవా?" అంటారు. 'ఉండలేను' అనడానికి నాకు ఇంగ్లిషులో నోరు పెగిలేది కాదు. తెలుగులో కూడా అంతేననుకోండి. సాయంత్రానికి ఒళ్ళు హూనమై, కాళ్ళు పీక్కుపోయి, ఇంటికొచ్చి మా వాళ్ళిద్దరి మీదా విసుక్కునేదాన్ని.

ఆ మొదటి డిసెంబర్ ఒకటో తారీఖున మా ఆయన సూట్‌కేసు అడుగునుంచి నక్షత్రం తీశాడు. గుంటూరులో కొన్న ఎర్ర కాగితపు స్టార్. నా చీరల మధ్య పెట్టి నలగకుండా తెచ్చుకున్నాం. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో డిసెంబర్ వస్తే స్టార్ కట్టాల్సిందే. చెట్టు పెట్టకపోయినా ఫరవాలేదు, కేకు మాడినా ఫరవాలేదు, స్టార్ లేకపోతే మాత్రం ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంటారు. లోపల బల్బు పెట్టి వీధిలోకి కనపడేలా వేలాడదీస్తే, సాయంత్రం ఆరు దాటేసరికి పేటంతా వెలిగిపోతుంది. ఇక్కడ బల్బు హోల్డరుకి సరిపోయింది గాని ప్లగ్గు గోడకి సరిపోలేదు. అడాప్టర్ కొన్నాం. పోర్చ్‌లో కట్టాం. స్విచ్ వేసి, ముగ్గురం రోడ్డు మీదికి వెళ్ళి నిలబడి చూశాం.

ఏమీ కనపడలేదు. ఇక్కడ డిసెంబరంటే నడివేసవి. సాయంత్రం ఆరున్నరకి కూడా ఎండ ఫెళ్ళున కాస్తోంది. కష్టాలొస్తే పట్టపగలే చుక్కలు కనిపిస్తాయంటారు. మాకు కష్టాలైతే వచ్చాయి గాని చుక్క మాత్రం కనిపించలేదు.

"నాన్నా, ఎలిగిందా?" అంది పాప.

"ఎలిగింది. కనపడదంతే. చీకటి పడాలి."

"చీకటెప్పుడు పడుద్ది?"

"తొమ్మిదిన్నరకి."

పాప ఏడున్నరకల్లా పడుకునేది. తెల్లారి లేచేసరికి మళ్ళీ ఎండ. రోజూ రాత్రి మా ఆయన పడుకోబోయే ముందు కాసేపు స్విచ్ వేసి తీసేసేవాడు. తెల్లారి పాప ఆశగా లేచి పోర్చ్‌లోకి పరిగెత్తి, వెలవెలబోతున్న ఎర్ర కాగితం చూసి లోపలికి వచ్చేది.

చీకటి దగ్గర మోసపోయింది మేమొక్కళ్ళమే కాదు. ఆ ఏడే మా సంఘం మొదటిసారి క్యారల్స్‌కి, అంటే ఇంటింటికీ వెళ్ళి క్రిస్మస్ పాటలు పాడటానికి, బయల్దేరింది. సంఘమంటే ఏడు కుటుంబాలు. ఆదివారాలు అంకుల్ గారి గరాజ్‌లో కూడేవాళ్ళం. ఆయనది తెనాలి దగ్గర ఊరు. ఆయన భార్యని మేమందరం ఆంటీ అనేవాళ్ళం, పిల్లల పనులన్నీ ఆవిడే చూసేది. "మూడింటికల్లా మొదలుపెడదామండీ, చిన్నపిల్లలున్నారు" అంది ఆంటీ. అంకుల్ ఆవిడ వైపు జాలిగా చూశారు. "ఎండలో స్టార్ పట్టుకుని ఎవురన్నా తిరుగుతారంటే? జనం నవ్వుతారు. క్యారల్స్ అంటే చీకట్లోనే."

చిన్నప్పట్నుంచీ అందరం చీకట్లోనే తిరిగినవాళ్ళం కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎనిమిదింటికి మొదటి ఇంటి ముందు కార్లలో కూర్చుని చీకటి కోసం కాచుకున్నాం. ఆ ఆకాశం ఎంతకీ నల్లబడదు. పిల్లలు ఒక్కొక్కళ్ళే సీట్లలో ఒరిగిపోయారు. పూర్తిగా చీకటి పడి మేము డోలక్ బయటికి తీసేసరికి వీధిలో సగం ఇళ్ళు దీపాలార్పేశాయి. రెండో చరణంలో ఉండగా పక్కింట్లో ఉండే ఈ దేశపు పెద్దాయన పైజమాతో బయటికొచ్చి, ఎవరికైనా ప్రమాదం జరిగిందా, ఫోన్ చెయ్యమంటారా అని ఎంతో మర్యాదగా అడిగాడు. అంకుల్ ఆయన చేతిలో ఒక కేకు ముక్క పెట్టారు. ఆ ఏడు క్యారల్స్ ఒక్క ఇంటితో సరి.

పాప నా ఒళ్ళోనే నిద్రపోయింది. పొద్దున లేచి, "స్టార్ పట్టుకుని పాడారంటగా, నన్నెందుకు లేపలేదు?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు నేను మాటిచ్చాను. ఇరవై నాలుగున నాకు సెలవు. ఇరవై మూడు సాయంత్రం నిన్ను చీకటి పడేదాకా మేలుకోనిస్తాను, నేనే ఎత్తుకుని మన స్టార్ చూపిస్తాను అన్నాను. పాప క్యాలెండర్‌లో ఆ తారీఖు మీద క్రేయాన్‌తో చుక్క గీసింది. ఆ చుక్కకి కాళ్ళూ చేతులూ నవ్వూ కూడా పెట్టింది.

ఇరవై మూడున మూడింటికి రావలసినదాన్ని ఏడింటికి వచ్చాను. ఎవరో రాలేదు, ఉండమన్నారు, ఉన్నాను. నేను వచ్చేసరికి మా ఆయన సైకిలు తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ల్యాబు ఓవెన్‌లో ఎండబెట్టిన గడ్డి నమూనాలు ఆ పూట తీసి తూకం వేయాలట. "మధ్యాన్నం రెండు గంటలు పడుకోబెట్టా దాన్ని. మేలుకుంటది" అని చెప్పి వెళ్ళిపోయాడు. పాప అప్పటికే క్రిస్మస్ గౌను వేసుకుని ఉంది. దానికి అన్నం పెట్టాను. టైము ఏడుముప్పావు. ఎండ ఇంకా కిటికీలోంచి మంచమ్మీద పడుతోంది. "చీకటి పడేదాకా ఐదు నిమిషాలు నడుం వాలుస్తానే" అని వాలాను. బూట్లు కూడా విప్పలేదు. వంగితే మళ్ళీ లేవలేనేమో అనిపించింది.

ఆ తరవాత నాకు గుర్తున్నది ఒకటే. ఒక చిన్న చెయ్యి నా భుజం పట్టుకుని ఊపుతోంది. "అమ్మా, చీకటి పడింది. అమ్మా, స్టార్." ఆ చేతిని తోసేశాను. "పో అవతలికి! నా ప్రాణం తియ్యకు!" అన్నాను. కళ్ళు తెరిచానో లేదో తెలియదు. గొంతు మాత్రం నాదే. పొద్దున్నించీ ఆ ముసలివాళ్ళు బెల్లు నొక్కిన ప్రతిసారీ 'వస్తున్నా డార్లింగ్' అని తియ్యగా పలికిన గొంతే.

మెలకువ వచ్చేసరికి తెల్లారిపోయింది. కాళ్ళకి బూట్లు లేవు. గోడవారగా పెట్టి ఉన్నాయి, ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు. లేసులు విప్పకుండానే లాగేసినట్టున్నారు, ముడులు రాళ్ళలా బిగుసుకుపోయాయి. ఫోర్కు పెట్టి విప్పుకోవాల్సొచ్చింది. రాత్రి వచ్చి మా ఆయన తీసుంటాడులే అనుకున్నాను. మగవాళ్ళ పని అలాగే ఉంటుందని నవ్వుకుని, ఆయన మీద కాస్త మెత్తబడ్డాను కూడా. వంటింట్లో పాప పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని తింటోంది. స్టార్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఈ రాత్రి చూపిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నానికి గాలి లేచింది. పామర్‌స్టన్ గాలి గురించి అక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. నక్షత్రం నిలువునా చిరిగిపోయి, రెండు కొమ్ములు పక్కింటి కంచెకి తగులుకున్నాయి.

పాప మళ్ళీ ఎప్పుడూ ఆ స్టార్ గురించి అడగలేదు. ఏడ్చి గోల చేసుంటే బాగుండేది. ఏదో ఒకటి చెప్పి సముదాయించేదాన్ని.

మరుసటి ఏడు అంకుల్ క్యారల్స్ మాట ఎత్తితే ఆంటీ సాగనివ్వలేదు. "శనివారం మధ్యాన్నం ఒక హాలు తీసుకుందాం. పాటలు పాడుకుని, పిల్లలకి ఒక కథ చదువుదాం. తెలుగులో, ఇక్కడి కథ. మంచూ గించూ వద్దు, ఆళ్ళెప్పుడన్నా చూశారా పెట్టారా" అంది. అని నా వైపు తిరిగి, "నువ్వు రాయమ్మా. ప్రార్థన మనవుల లిస్టు నువ్వేగా రాసేది" అంది. నా సాహిత్య అర్హత అదొక్కటే. ఉండలేను అనలేనిదాన్ని, రాయలేను అని మాత్రం ఏమనగలను?

రెస్ట్ హోమ్‌లో రేపటి భోజనానికి ఎవరికి చేప, ఎవరికి చికెన్ అని టిక్కు పెట్టే చీటీలు ఉండేవి. పాతవాటి వెనకవైపు ఖాళీ. టీ బ్రేకు పది నిమిషాలు. రోజుకొక చీటీ రాసేదాన్ని. పెద్దగా ఆలోచించిందేమీ లేదు. పెన్ను పెట్టగానే మా పోర్చే వచ్చి కూర్చుంది. ఎండలో వెలుగుతున్న నక్షత్రం. దాన్ని చూడాలని రోజూ కాచుకునే పాప. "నేను వెలుగుతూనే ఉన్నాను, మీకే కనపడటం లేదు" అని చెప్పీ చెప్పీ అలిసిపోయే నక్షత్రం. పనికి వెళ్ళే తల్లి, మాటిచ్చిన తల్లి. అలా ఏడు చీటీలు. ఆ నక్షత్రం మాటలన్నీ నావే అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆ టీ గదిలోకి రోజూ ఒక పెద్దావిడ వాకర్ తోసుకుంటూ వచ్చేది. ఎనభై దాటింది, పూర్వం స్కూలు టీచరు. "ఇవాళ ఏం రాశావో చదువు" అనేది. తెలుగు ముక్క రాదు, అయినా ముందు తెలుగులోనే చదవమనేది. చదివి, తరవాత నాకొచ్చిన ఇంగ్లిషులో చెప్పేదాన్ని. ఏడో చీటీ అయ్యాక, "మరి ఆ తల్లి ఏం చేసింది?" అని అడిగింది. మా వాళ్ళెవరికీ చెప్పని సంగతి ఆవిడకి చెప్పేశాను. తల్లి నిద్రపోయింది, పిల్ల లేపితే తోసేసింది.

ఆవిడ అయ్యో అనలేదు, తప్పు కదా అనలేదు. "ఆ తల్లికి ఎవరైనా దుప్పటి కప్పారా?" అని అడిగింది.

"లేదు. బూట్లు మాత్రం విప్పారు. మొగుడు."

"మంచివాడే. అయితే అదే రాయి" అని టీ తాగి వెళ్ళిపోయింది.

నేను అది రాయలేదు. ఆ హాల్లో పాప కూడా ఉంటుంది. ఏడేళ్ళది, తెలుగు అర్థమవుతుంది. నలుగురిలో, దాని ముందు, నా నోటి దురుసు నేనే ఎలా చదివించుకుంటాను? అందుకని ఎనిమిదో చీటీలో తల్లిని నిద్ర లేపాను. ఆవిడ పరిగెత్తుకొచ్చింది, పిల్లని భుజానికెత్తుకుంది, చీకటి పడింది, నక్షత్రం కనిపించింది, ఇద్దరూ నవ్వారు. మొదటి ఏడు చీటీలకీ ఏడు రోజులు పట్టింది. ఇది మూడు నిమిషాల్లో అయిపోయింది.

ఆంటీ హాల్లో చదివింది. ఎనిమిదో పేజీ దగ్గరికి వచ్చేసరికి వెనక వరసల్లోంచి ముక్కులు చీదుతున్న చప్పుళ్ళు. సూపర్‌మార్కెట్‌లో సాయంత్రం డ్యూటీ చేసే ఒకాయన మొహం రుమాల్లో దాచుకుని ఏడ్చాడు. అప్పుడర్థమైంది నాకు. అక్కడున్న పెద్దవాళ్ళందరూ ఎవరి పిల్లలకి వాళ్ళు ఏదో ఒక మాటిచ్చి తప్పినవాళ్ళే. ఆ ఆఖరి పేజీ నాకొక్కదానికే కాదు, వాళ్ళందరికీ కావాలి. నేను పాప వైపు చూశాను. అది కుర్చీలో కాళ్ళూపుకుంటూ కేకు బల్ల వైపు చూస్తోంది.

అక్కణ్ణించి కథ నా చేతుల్లో లేదు. ఏటా చదవడం, ఏటా ఏడవడం, ఏటా అంకుల్ 'క్లాసిక్' అనడం. ఆ టీచరమ్మ తరవాతి శీతాకాలంలో పోయింది. నా కాగితాలు ఒప్పుకున్నారు, మళ్ళీ నర్సునయ్యాను. అలసట తగ్గుతుందనుకున్నాను. బ్యాడ్జీ మారింది గాని అలసట ఎక్కడిదక్కడే ఉంది. ప్రతి డిసెంబర్లోనూ ఆంటీ ఎనిమిదో పేజీ తిప్పగానే నేను పాప వైపు చూడటం, అది ఎటో చూస్తుండటం. మరిచిపోయిందిలే అని ఊపిరి పీల్చుకోవడం. మరిచిపోయిన పిల్ల అలా మొహం ఎందుకు తిప్పుకుంటుందని ఒక్క ఏడూ ఆలోచించలేదు.

కథ చదవడం మొదలైన నాలుగో ఏడు ఆంటీకి కంటి ఆపరేషన్ అయింది. "ఈసారి పాప చదవాలమ్మా. పదేళ్ళొచ్చాయిగా. రాసింది అమ్మ, చదివేది కూతురు. ఎంత బాగుంటదో!" అంది.

"దానికి తెలుగు చదవడం రాదాంటీ" అన్నాను.

"ఇంగ్లీషు అక్షరాల్లో రాసియ్యి. మాట్లాడటం వచ్చుగా."

దారులన్నీ మూసేసింది మహాతల్లి. రోజుకో పేజీ చొప్పున ఇంగ్లిషు అక్షరాల్లో రాసిచ్చాను. ఆఖరి పేజీ మాత్రం కూడికకి ముందురోజు, శుక్రవారం సాయంత్రం దాకా లాక్కొచ్చాను. ఆ సాయంత్రం పాప వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొత్తం గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నేను స్టవ్ దగ్గర పప్పు మెదుపుతున్నాను. ఏడు పేజీలు గడగడా చదివింది. 'వెలుగుతూనే ఉన్నాను' దగ్గర నాలుక మడతపడితే మళ్ళీ చదివింది. ఎనిమిదో పేజీ పైకి చదవలేదు. లోపల్లోపల చదువుకుని బల్ల మీద పెట్టేసింది.

"అమ్మా, దిస్ ఈజ్ రాంగ్."

"ఏది, స్పెల్లింగా?"

"కాదు. నువ్వు రాలేదు కదా. యు వర్ స్లీపింగ్."

నాలుగేళ్ళుగా ఏ మాటకి బెదురుతూ బతికానో అది వచ్చేసింది. చాలా దూరం మోసుకొచ్చిన సంచి కింద పెడితే చేతులు ఎలా లాగుతాయో అలా లాగాయి. స్టవ్ కట్టేసి వచ్చి దాని ఎదురుగా కూర్చున్నాను.

"నీకు గుర్తుందా?"

"అఫ్‌కోర్స్."

"అంతానా?"

"నువ్వు తోశావు. పో అవతలికి అన్నావు." చెప్పడం మామూలుగానే చెప్పింది. "నేను ఏడ్చాను, కొంచెం. తర్వాత నేనే చెయిర్ వేసుకుని స్విచ్ వేశాను. స్టార్ వచ్చింది. ఇట్ వాజ్ సో రెడ్, అమ్మా. డోర్ కూడా రెడ్ అయిపోయింది."

"ఒక్కదానివే చూశావా?"

"యా. నీకు చెప్దామని లోపలికి వచ్చా. నువ్వు షూస్‌తోనే పడుకున్నావు. నీ ఫీట్ బెడ్ బయటికి ఉన్నాయి. సో నేను షూస్ తీశాను."

అది నా మొహం చూసి, నేను నమ్మడం లేదనుకున్నట్టుంది, గొంతు పెంచింది.

"నిజంగా! నాకప్పుడు లేసులు రావు. లాగితే ఇంకా టైట్ అయిపోయింది. ఇట్ టుక్ ఏజెస్. ఒకటి ఊడొచ్చినప్పుడు నేను వెనక్కి పడ్డాను కూడా, నువ్వు లేవలేదు. అది ఎందుకు రాయలేదు నువ్వు? ఎవ్రీ ఇయర్ ఆంటీ చదువుతుంది, ఎవ్రీ ఇయర్ నా పార్ట్ వస్తుందేమో అని చూస్తా, రాదు. నువ్వు నన్ను ఎత్తుకున్నట్టే వస్తుంది. నువ్వు చేయనిది రాశావు. నేను చేసింది రాయలేదు."

అదీ దాని ఫిర్యాదు. నేను తోసినందుకు కాదు. నా తప్పు కప్పిపెట్టుకోవడానికి నేనొక పేజీ రాస్తే, దాని కింద నా బిడ్డ చేసిన మంచిపని కూడా పూడిపోయింది. మూడేళ్ళు అది నలుగురి మధ్యా కూర్చుని, తన పని తనకి దక్కకుండా పోవడం వింటూ వచ్చింది.

"నాకు తెలియదమ్మలూ. నాన్న తీశాడనుకున్నాను."

"నాన్నా?" అని నవ్వింది.

"నిన్ను తోసినందుకు సారీ. అలా అనకుండా ఉండాల్సింది. ఇన్నాళ్ళూ చెప్పాలని కూడా చెప్పలేకపోయాను."

"ఓకే" అంది. "ఇట్ వాజ్ నాట్ నైస్" అని కూడా అంది. అవునన్నాను. తరవాత అది పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ పేజీ మూడు నిమిషాల్లో అవలేదు. పప్పు చల్లారిపోయింది. నేను ఒక వాక్యం రాయడం, అది పక్కన కూర్చుని తప్పు పట్టడం. "చెయిర్ కాదు, సారీ, స్టూల్. బ్లూ స్టూల్." మా ఆయన ఇంటికి రాగానే అడిగాను, "మనం వచ్చిన ఏడు, ఇరవై మూడో తారీఖు, నా బూట్లు నువ్వు విప్పలేదా?" అని.

"ఏ బూట్లు?" అన్నాడు.

ఆ బూట్లు తలుచుకుని నాలుగేళ్ళలో ఎన్ని తగువుల్లో నోరు మూసుకుని తగ్గానో ఆ మనిషికి తెలియదు. చెప్పనూ లేదు.

మర్నాడు హాల్లో పాప మైకు ముందు నిలబడి చదివింది. 'పో అవతలికి' దగ్గరికి వచ్చేసరికి రుమాళ్ళు సిద్ధం చేసుకున్నవాళ్ళు వాటిని చేతుల్లోనే ఉంచేసుకున్నారు. నేను ఈసారి తల వంచుకోలేదు, దాని వైపే చూశాను. అది కూడా ఎటో చూడకుండా నా వైపే చూస్తూ ఆఖరి వాక్యాలు చెప్పింది. "పాప స్టార్ చూసి లోపలికి వచ్చింది. అమ్మ బూట్లతోనే నిద్రపోతోంది. పాప బూట్లు తీసింది. చాలాసేపు పట్టింది." అంతే. చప్పట్లు కాస్త ఆలస్యంగా, అక్కడక్కడా పడ్డాయి. సూపర్‌మార్కెట్ ఆయన మాత్రం ఏడవలేదు. పక్కనున్న కొడుకు భుజమ్మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు.

టీ దగ్గర అంకుల్ నన్ను పక్కకి పిలిచారు. "ఏమీ అనుకోమాక. పాత ముగింపే బాగుండేదమ్మా. తల్లి ఎత్తుకుంటేనే పండగలా ఉండేది. వచ్చే ఏడు అదే చదివిద్దాం."

"మీ ఇష్టం అంకుల్. ఆ కాపీలు మీ దగ్గరే ఉన్నాయిగా" అన్నాను. ఆ పెద్దాయనతో వాదించే ఓపిక లేదు. వాదించాల్సిన పనీ లేదనిపించింది. ఆంటీ ఆపరేషనైన కంటికి కట్టుతోనే వచ్చి పాప బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, ముద్దుపెట్టుకుని, ఇంకో కేకు ముక్క చేతిలో పెట్టింది.

ఆ టీచరమ్మ బతికుంటే బాగుండేదని కారులో అనిపించింది. ఆవిడ అడిగినదానికి నేను తప్పు జవాబు చెప్పాను, బూట్లు విప్పింది మొగుడని.

ఇల్లు చేరేసరికి ఆరు. మర్నాడు ఆదివారమైనా నాకు ఏడింటికి డ్యూటీ. ఎండ ఎప్పటిలాగే కిటికీలోంచి మంచమ్మీద పడుతోంది. అలాగే వాలిపోబోయాను. ముందుగదిలోంచి పాప అరుపు వినిపించింది, "అమ్మా, షూస్ తీసి పడుకో!" అని. లేచి కూర్చున్నాను. ముడులు నిదానంగా విప్పి, బూట్లు రెండూ గోడవారగా పెట్టుకున్నాను, ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు.